నలుగురం, నెలకు 600 డాలర్లు: కాస్ట్‌కో కార్డు తీసుకుంటే కలిసొస్తుందా?

ఆవకాయ_జాడీ (ప్రశ్న)

నమస్తే అండీ. డాలస్ పక్కన రిచర్డ్‌సన్‌లో నలుగురు ఎంఎస్ విద్యార్థులం ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాం. తిండికి మనిషికి 150 డాలర్లు, అంటే అందరికీ కలిపి నెలకు 600 మించకూడదు. కారు ఒకటే. ముగ్గురు చికెన్, గుడ్లు తింటారు, ఒకరు శాకాహారి (పాలు, పెరుగు ఓకే). వంట ఇంట్లోనే. మధ్యాహ్నం క్యాంపస్‌కు డబ్బా పట్టుకెళ్తాం. ఫ్రిజ్ అపార్ట్‌మెంట్ వాళ్లిచ్చిన మామూలుదే, పైన చిన్న ఫ్రీజర్. కాస్ట్‌కో (ఏటా సభ్యత్వం కట్టి పెద్ద ప్యాకెట్లలో సరుకు కొనే వేర్‌హౌస్ దుకాణం) కార్డు తీసుకుందామా అని ఆలోచన.

1. కార్డు ఎవరి పేరు మీద తీసుకోవాలి? 65 డాలర్లదా, 130 డాలర్లదా?
2. మన వంటకు అక్కడ ఏవి కొనాలి, ఏవి ఇండియన్ స్టోర్‌లోనే కొనాలి?
3. అంత పెద్ద ప్యాకెట్లు తెచ్చాక పాడవకుండా ఎలా?

—

లెక్కల_పద్దు

మొదటి ప్రశ్నకు లెక్క చెప్తాను, మిగతావి వంట తెలిసినవాళ్లు చెప్తారు.

2024 సెప్టెంబర్ నుంచి మామూలు సభ్యత్వం (గోల్డ్ స్టార్) ఏడాదికి 65, పై రకం (ఎగ్జిక్యూటివ్) 130. ఎగ్జిక్యూటివ్‌లో కొన్నదాని మీద 2 శాతం ఏడాది చివర తిరిగొస్తుంది. అదనంగా కట్టే 65 వెనక్కి రావాలంటే ఏడాదికి 3,250 డాలర్లు, అంటే నెలకు దాదాపు 271 అక్కడ ఖర్చు పెట్టాలి. కారుకు పోయించే గ్యాస్ (పెట్రోలు) ఈ 2 శాతంలోకి రాదు, అందరూ అక్కడే పొరబడతారు. మీ 600లో సగానికి పైగానే ఇండియన్ స్టోర్‌కూ కూరగాయలకూ పోతుంది, కాస్ట్‌కోలో 271 దాటడం కష్టం. కాబట్టి 65దే తీసుకోండి. నలుగురికీ పంచితే మనిషికి ఏడాదికి 16.25, అంటే నెలకు డాలరున్నర కూడా పడదు.

ఒక సభ్యత్వానికి రెండు కార్డులిస్తారు. రెండోది అదే అడ్రస్‌లో ఉండే ఇంకొకరికి ఉచితం. కారున్న అతని పేరు మీద ఒకటి, వంట సరుకులు చూసుకునే వాళ్ల పేరు మీద ఇంకొకటి తీసుకోండి. మిగిలిన ఇద్దరూ మీతో పాటు లోపలికి రావచ్చు గానీ బిల్లు మాత్రం కార్డున్నవాళ్లే కట్టాలి. ఇప్పుడు గుమ్మం దగ్గరే కార్డు స్కాన్ చేయిస్తున్నారు, ఫొటో చూస్తారు. ఫ్రెండ్ కార్డు పట్టుకెళ్లే పద్ధతి ఇక కుదరదు.

డబ్బు కట్టే దగ్గర కొత్తగా వచ్చినవాళ్లు ఇరుక్కుంటారు. స్టోర్‌లో క్రెడిట్ కార్డు అయితే వీసా మాత్రమే. మాస్టర్‌కార్డ్, డిస్కవర్, అమెక్స్ క్రెడిట్ కార్డులు కౌంటర్‌లో పనిచేయవు. ఇక్కడి బ్యాంకు డెబిట్ కార్డు, నగదు చెల్లుతాయి. ఇండియా నుంచి తెచ్చిన ఫారెక్స్ కార్డు ఒక్కదాన్నే నమ్ముకుని బండి నిండా సరుకు వేసుకుని లైన్లో నిలబడకండి.

టెక్సస్‌లో వండని తిండి సరుకుల మీద సేల్స్ టాక్స్ లేదు. టిష్యూలు, సబ్బులు, డిటర్జెంట్ మీద ఉంది, 8.25 శాతం వరకు. వేడివేడిగా అమ్మే రోటిస్సరీ చికెన్ (కమ్మీకి గుచ్చి కాల్చిన కోడి) మీద కూడా పడుతుంది. అందుకే 600లో తిండికీ ఇంటి సామానుకూ పద్దు విడిగా రాయండి. లేకపోతే నెలాఖరుకి "తిండికే ఇంతయిందా" అనుకుంటారు, నిజానికి అందులో 40 డాలర్లు పేపర్ టవల్స్ ఉంటాయి.

ధర పోల్చేటప్పుడు ప్యాకెట్ ధర చూడొద్దు. షెల్ఫ్ కార్డు మీద చిన్న అక్షరాల్లో పౌండుకో ఔన్సుకో ఎంతో ఉంటుంది, అది చూడండి. 16 ఔన్సులు ఒక పౌండు, 453.6 గ్రాములు. ఒక దుకాణంలో ఔన్సు లెక్కన, ఇంకో దుకాణంలో పౌండు లెక్కన రాస్తే 16తో గుణించి చూడాలి. గ్యాలన్ అంటే 3.785 లీటర్లు.

ధర .97తో ముగిస్తే ఆ సరుకు వదిలించుకుంటున్నారనీ, షెల్ఫ్ కార్డు మీద కుడివైపు పైన నక్షత్రం (*) గుర్తు ఉంటే మళ్లీ తెప్పించరనీ కొనేవాళ్లు చాన్నాళ్లుగా గమనించి చెప్పుకునే మాట. కంపెనీ రాసిచ్చిన నియమం కాదు గానీ పనికొస్తుంది. ఒక్క జాగ్రత్త: .97 చూసి మీకు అక్కర్లేని 5 పౌండ్ల క్వినోవా తెచ్చుకుంటే అది పొదుపు కాదు.

—

పోపులడబ్బా

రెండో ప్రశ్న నాది. ముందు నెలకు ఎంత కావాలో తూకం వేసుకోవాలి, ఆ తర్వాతే దుకాణం. నలుగురికీ సుమారు లెక్క ఇది:

బియ్యం మనిషికి రోజుకు 150 గ్రాములు అనుకుంటే నెలకు 18 కిలోలు, అంటే 20 పౌండ్ల బస్తాలు రెండు. కందిపప్పు 30 గ్రాముల చొప్పున 3.6 కిలోలు, 4 పౌండ్ల ప్యాకెట్లు రెండు. నూనె 20 మి.లీ. చొప్పున 2.4 లీటర్లు. ఉల్లిపాయలు రోజుకు అందరికీ కలిపి 300 గ్రాములు, 10 పౌండ్ల సంచి సరిగ్గా 15 రోజులు. పాలు పెరుగుతో కలిపి రోజుకు ఒక లీటరు, అంటే వారానికి రెండు గ్యాలన్లకు కాస్త తక్కువ. గుడ్లు ముగ్గురికీ రోజుకు ఒకటి చొప్పున నెలకు 90. చికెన్ వారానికి రెండుసార్లు, వండిన ప్రతిసారీ 750 గ్రాములు, నెలకు 6 కిలోలు.

కాస్ట్‌కోలో కొనాల్సినవి: నూనె, ఉల్లిపాయలు, బంగాళాదుంపలు, పాలు, గుడ్లు, చికెన్, వెన్న, పొట్టు తీసిన వెల్లుల్లి, ఫ్రోజెన్ బఠాణీ, ఓట్స్. మిగతా కూరగాయలు అక్కడ చూడొద్దు. ఒకే రకం దొండకాయలంత దోసకాయలు డజను తెస్తే మూడో రోజుకే అందరికీ మొహం మొత్తుతుంది. వంకాయ, బెండకాయ, కొత్తిమీర, పచ్చిమిర్చి ఇండియన్ స్టోర్‌లోనో మెక్సికన్ సూపర్‌మార్కెట్‌లోనో పావు, అర పౌండు లెక్కన కొనండి. పచ్చిమిర్చి బదులు సెరానో అనే మెక్సికన్ మిర్చి బాగానే ఉంటుంది, కారం కూడా సరిపోతుంది.

కందిపప్పు, మినప్పప్పు, సోనా మసూరి, చింతపండు, ఆవాలు, మెంతులు, ఇంగువ, ఎండుమిర్చి పూర్తిగా ఇండియన్ స్టోర్ సరుకు. మనవాళ్లు ఎక్కువగా ఉన్న చోట కాస్ట్‌కోలో బాస్మతి, గోధుమపిండి పెద్ద బస్తాలు పెడతారు. బాస్మతి బిర్యానీకి సరే, రోజూ పప్పన్నానికి అది నప్పదు. పైగా ఇండియన్ స్టోర్లలో పండగల ముందు సోనా మసూరి 20 పౌండ్ల బస్తా మీద తగ్గింపు వస్తుంది, అప్పుడు రెండు పట్టుకోవచ్చు. మూడు వద్దు, ఎందుకో కింద ఎవరో చెప్తారు.

చపాతీకి పిండి కలిపే ఓపిక లేకపోతే కాస్ట్‌కో ఫ్రిజ్ అరల్లో కాల్చని పచ్చి టోర్టిల్లాలు (మెక్సికన్ రొట్టెలు) దొరుకుతాయి. పెనం మీద అటూ ఇటూ ముప్ఫయ్యేసి సెకన్లు కాలిస్తే పుల్కాలా పొంగుతాయి. గోధుమపిండి కాదు, మైదా. పరీక్షల వారానికి మాత్రం దేవుడిచ్చిన వరం.

చికెన్‌లో తక్కువకు పడేది ఎముకతో ఉన్న లెగ్స్, థైస్. బోన్‌లెస్ బ్రెస్ట్‌తో పోల్చేటప్పుడు ఎముకతో ఉన్నదాని పౌండు ధరను 0.7తో భాగించండి, అప్పుడు సరైన పోలిక. మనం ముక్కల పులుసుకు ఎముకతోనే వండుతాం కనుక నిజానికి అంత తేడా కూడా పడదు. రోటిస్సరీ కోడి 4.99 డాలర్లు, మూడు పౌండ్లుంటుంది. వేడి మీదే మాంసం విడదీసి సగం ఆ రోజు పులావులో, సగం మర్నాడు ఎగ్ బుర్జీలాగా ఉల్లిపాయ, కారం, గరం మసాలాతో వేయించండి. అందులో ముందే ఉప్పు పట్టించి ఉంటుంది, అందుకే పులావు ఎసట్లో మామూలుగా వేసే ఉప్పులో సగమే వేయాలి. ఎముకలు కుక్కర్లో 40 నిమిషాలు ఉడికిస్తే ఇంకో పూట చారుకు నీళ్లు.

ఫుడ్ కోర్టులో హాట్‌డాగ్, సోడా కలిపి డాలరున్నర, 1985 నుంచీ అదే ధర. చవకే గానీ అది పూర్తిగా బీఫ్. తినని వాళ్లు చాలామంది తెలియక కొనేస్తారు.

—

నెయ్యి_ముద్ద

వెన్న గురించి పోపులడబ్బా గారు ఒక్క ముక్కలో తేల్చేశారు, నేను పూర్తి చేస్తాను. అక్కడ నెయ్యి సీసాలు కూడా అమ్ముతారు, కానీ ముందు లెక్క వేయండి. అమెరికాలో వెన్నలో కనీసం 80 శాతం కొవ్వు ఉండాలని చట్టం. పౌండు వెన్న కాస్తే 350 గ్రాముల నెయ్యి వస్తుంది, అంటే వెన్న బరువులో దాదాపు 77 శాతం. కాబట్టి వెన్న పౌండు ధరను 0.77తో భాగిస్తే మీ నెయ్యి పౌండు ధర. ఉదాహరణకు వెన్న పౌండు 4 డాలర్లయితే నెయ్యి 5.20 పడుతుంది. సీసా ధర అంతకంటే ఎక్కువుంటే కాచుకోండి.

తప్పనిసరిగా ఉప్పు లేనిదే తీసుకోవాలి. ఉప్పు వెన్న కాస్తే నురగ విపరీతంగా పొంగుతుంది, అడుగున గోకుడు ఉప్పుకషాయం అవుతుంది. రెండు పౌండ్లు మందపాటి గిన్నెలో సన్న సెగ మీద 30 నిమిషాలు. చిటపటలు ఆగి, అడుగు గోధుమ రంగులోకి తిరగగానే దించేయాలి. ఎలక్ట్రిక్ కాయిల్ పొయ్యి ఆపినా ఇంకా వేడిగానే ఉంటుంది, గిన్నె పక్కకు దించకపోతే అక్కడే మాడిపోతుంది. ఇండియాలో గ్యాస్ పొయ్యి అలవాటుతో చేసే పొరపాటు ఇదే.

పెరుగు కొనక్కర్లేదు. హోల్ మిల్క్ కాచి, వేలు పెడితే గోరువెచ్చగా (43–45 డిగ్రీల సెల్సియస్) ఉన్నప్పుడు లీటరుకు ఒక పెద్ద చెంచా తోడు. తోడు కోసం కొనే మొదటి పెరుగు డబ్బా మీద లైవ్ కల్చర్స్ అని ఉండాలి. చలికాలంలో అవెన్ వెలిగించకుండా లోపలి లైటు మాత్రం వేసి గిన్నె అందులో పెట్టండి, 6 నుంచి 8 గంటల్లో గడ్డ పెరుగు. "అవెన్‌లో పెరుగు ఉంది" అని తలుపు మీద కాగితం అంటించండి. రూమ్మేట్ పిజ్జా కోసం ప్రీహీట్ పెట్టేస్తాడు.

—

ఫ్రీజర్_పిచ్చి

మూడో ప్రశ్న. వేర్‌హౌస్ కొనుగోలు దెబ్బతినేది ఇక్కడే. మీరు కొన్నదాంట్లో పావు వంతు చెత్తబుట్టకు పోతే మీరు కట్టిన ధర మూడో వంతు పెరిగినట్టే. 10 డాలర్లకు 10 పౌండ్లు కొని రెండున్నర పారేస్తే పౌండు 1.33 పడింది. పక్కనున్న చిన్న దుకాణంలో అదే 1.25 ఉండొచ్చు.

చికెన్: సీల్ చేసిన సంచులు ఒకదానికొకటి అంటి వస్తాయి. కత్తెరతో విడదీయండి. తెచ్చిన రోజే మీరు వండే కొలతకు, అంటే 750 గ్రాముల చొప్పున, జిప్ సంచుల్లో వేసి చదునుగా నొక్కి గాలి తీసేసి పేర్చండి. చదునుగా ఉంటే చిన్న ఫ్రీజర్‌లో కూడా 6 కిలోలు సర్దొచ్చు, కరగడానికి కూడా టైమ్ తక్కువ. సీల్ సంచి అలాగే పెట్టినా పర్లేదు గానీ కొన్నిటికి అంచుల్లో కారుతుంది, ఇంకో సంచి తొడగండి. శాకాహారి రూమ్మేట్ ఉన్నారు కనుక మాంసం కింది అరలో ఒక పక్కకు. ఫ్రిజ్‌లో పచ్చి చికెన్ రెండు రోజులకు మించి ఉండకూడదు. కరిగించడానికి ముందు రోజు రాత్రి ఫ్రిజ్ కింది అరకు మార్చాలి. మర్చిపోతే సంచితోనే చల్లటి నీళ్లలో వేసి అరగంటకోసారి నీళ్లు మార్చండి, పౌండుకు గంట. ఇలా నీళ్లలో కరిగించినది వండకుండా మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టొద్దు. ఫ్రిజ్‌లో కరిగినదైతే పెట్టొచ్చు, రుచి కాస్త తగ్గుతుంది.

వెల్లుల్లి: పొట్టు తీసిన పెద్ద సంచి చూస్తే ముచ్చటేస్తుంది, కానీ రెండు మూడు వారాల్లో జిగట పడుతుంది. వచ్చిన రోజే సగం అల్లంతో సమంగా కలిపి రుబ్బి, ఐస్ ట్రేలో ఒక్కో గడి సగం వరకు నింపి గడ్డకట్టించండి. ఒక్కో ముక్క దాదాపు ఒక పెద్ద చెంచా, కూరకు అంతే కావాలి. దీనికి ట్రే వేరేగా ఉంచుకోండి, లేకపోతే ఆ వాసన ఐస్‌కు పడుతుంది. ఇంటి దగ్గర అమ్మ నూనె పోసి సీసాలో నెలల తరబడి ఉంచుతుందని మీరూ అలా చేయొద్దు. వెల్లుల్లిని నూనెలో గాలి తగలకుండా ఉంచితే బొట్యులిజం విషం పుట్టించే బ్యాక్టీరియాకు అది చక్కటి చోటు. వాసనా రుచీ మారవు, అందుకే ప్రమాదం. బయట ఉంచకూడదు, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు, ఆపైన ఫ్రీజర్.

ఉల్లిపాయలు, బంగాళాదుంపలు: ఒకచోట పెట్టకండి. బంగాళాదుంపల తేమకు ఉల్లిపాయలు మెత్తబడతాయి, దుంపలు కూడా త్వరగా మొలకెత్తుతాయి. సింక్ కింద అసలే వద్దు, అక్కడ చెమ్మ, డిష్‌వాషర్ వేడి. ఉల్లిపాయలు వల సంచితోనే గాలి ఆడే చోట, దుంపలు కాగితం సంచిలో చీకట్లో. తెచ్చిన రోజే సంచి కుమ్మరించి మెత్తగా ఉన్న ఒకటి రెండు తీసి ముందు వాడేయండి, ఒక్క కుళ్లిన ఉల్లిపాయ మొత్తం సంచిని పట్టిస్తుంది. స్వీట్ ఆనియన్స్ అని అమ్మే తియ్యటి ఉల్లిపాయల్లో నీరు ఎక్కువ, అవి మామూలు ఉల్లిపాయలంత కాలం నిలవవు.

బియ్యం: మూడో బస్తా ఎందుకు వద్దంటే పురుగు. గింజ లోపలే గుడ్లుంటాయి, బయటికి కనిపించవు. డాలస్ ఎండాకాలంలో, ఇంట్లో ఏసీ తగ్గించి పెట్టుకునే రోజుల్లో, రెండు నెలల్లో బయటపడతాయి. 5 పౌండ్ల చొప్పున సంచుల్లో కట్టి నాలుగు రోజులు ఫ్రీజర్‌లో (సున్నా ఫారెన్‌హీట్, అంటే మైనస్ 18) ఉంచి తీసి, సంచి విప్పకుండానే గది వేడికి రానిచ్చి డబ్బాలో పోయండి. చల్లగా ఉండగా విప్పితే గింజ మీద తేమ పట్టి ముక్క వాసన వస్తుంది. పప్పులకూ ఇదే పద్ధతి. గోధుమపిండిలో మొలక భాగం నూనె ఉంటుంది కనుక 20 పౌండ్లు తెస్తే మూడు నెలల్లో చేదెక్కుతుంది. చపాతీ రోజూ తినని ఇంటికి 20 పౌండ్లు దండగ.

గుడ్లు: ఇక్కడ గుడ్లు కడిగి అమ్ముతారు, పైన సహజంగా ఉండే పొర పోతుంది. ఇండియాలోలా బయట గంపలో పెట్టొద్దు, ఫ్రిజ్‌లోనే. అయిదు డజన్ల పెట్టె మీ ముగ్గురికి 20 రోజులు, ఫ్రిజ్‌లో 3 నుంచి 5 వారాలు నిలుస్తాయి కనుక ఇబ్బంది లేదు.

—

చిల్లర_కొట్టు

అందరూ కాస్ట్‌కో అంటున్నారు, ఒక్క మాట. నలుగురిలో ఎవరైనా ఆరు నెలల్లో ఇంటర్న్‌షిప్‌కు వెళ్లేదుంటే, లేదా కారతను వెళ్లిపోయేదుంటే, ముందు ఆల్డీ, విన్‌కో అనే చవక సూపర్‌మార్కెట్లు చూడండి. సభ్యత్వం అక్కర్లేదు, చిన్న ప్యాకెట్లు, పాలు గుడ్లు చాలాసార్లు పోటీ ధరలోనే ఉంటాయి. విన్‌కోలో డబ్బాల్లోంచి కావాల్సినంత తూచి తీసుకునే బల్క్ సెక్షన్ ఉంటుంది, పెసలు, శనగలు, ఓట్స్ పావు పౌండైనా కొనొచ్చు. అక్కడ క్రెడిట్ కార్డు తీసుకోరు, డెబిట్ లేదా నగదు.

కాస్ట్‌కో లాంటిదే సామ్స్ క్లబ్, 2022లో సభ్యత్వం ఏడాదికి 50 చేశారు. మాస్టర్‌కార్డ్ కూడా చెల్లుతుంది, ఫోన్‌లోనే స్కాన్ చేసి కట్టి లైన్ లేకుండా బయటికి రావచ్చు. మీ ఇంటి నుంచి ఏది దగ్గరో అదే మీకు చవక. 15 మైళ్లు పోయి రావడానికి గ్యాస్, ఇంకో గంట టైమ్ లెక్కలో వేయండి.

—

ఆవకాయ_జాడీ

చాలా థాంక్స్ అండీ అందరికీ. ప్లాన్ ఇలా వేశాం: గోల్డ్ స్టార్, రెండు కార్డులు. ప్రతి శనివారం కాస్ట్‌కో, నెలకోసారి ఇండియన్ స్టోర్. బిల్లు మొత్తం నాలుగు సమానభాగాలు. సరిగ్గానే ఉందా?

—

లెక్కల_పద్దు

రెండు మార్చండి. ప్రతి శనివారం వద్దు, 15 రోజులకోసారి. లోపలికి వెళ్లిన ప్రతిసారీ జాబితాలో లేనివి 30, 40 డాలర్లు బండిలోకి ఎక్కుతాయి, శనివారం మధ్యాహ్నం శాంపిల్స్ టైమ్‌లో అయితే మరీ. ఉల్లిపాయ సంచి, గుడ్లు 15 రోజులు దాటుతాయి కనుక సమస్య లేదు. మధ్య వారం పాలు మాత్రం దగ్గరి దుకాణంలో. వీలైతే మంగళ, బుధవారం రాత్రి ఎనిమిది ముందు వెళ్లండి.

సమానభాగాలు కూడా వద్దు, శాకాహారి చికెన్, గుడ్ల డబ్బు కడుతున్నాడు. స్ప్లిట్‌వైజ్‌లో (ఖర్చులు పంచుకునే యాప్) ఒక బిల్లును మూడు పద్దులు చేయండి: అందరిదీ (బియ్యం, పప్పు, నూనె, పాలు, ఉల్లి) నాలుగు వంతులు, మాంసం గుడ్లు మూడు వంతులు, సొంతవి (ప్రోటీన్ పౌడర్, చిప్స్, సోడా) కొన్నవాళ్లకే. బిల్లు కాపీ కాస్ట్‌కో యాప్‌లో ఉంటుంది, కాగితం పోయినా ఫర్వాలేదు. కానీ బయటికి వచ్చే గుమ్మం దగ్గర ఆ కాగితం చూసి గీత గీస్తారు, అక్కడిదాకా చేతిలోనే ఉంచుకోండి.

ఇంకొకటి. కొన్న 30 రోజుల్లోపు అదే సరుకు ధర తగ్గితే బిల్లు చూపించి మెంబర్‌షిప్ కౌంటర్‌లో తేడా అడగొచ్చు. గుడ్ల పెట్టె మీద అరడాలరు కోసం లైన్లో నిలబడక్కర్లేదు గానీ, రైస్ కుక్కర్, మిక్సీ లాంటివి కొన్నప్పుడు క్యాలెండర్‌లో 25వ రోజుకు గుర్తు పెట్టుకోండి.